నేను వెళ్లిపోవాలా?

సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఇంగ్రిడ్ సోర్బీ జిల్లా కార్యాలయం కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడింది. ఒక చేతిలో పిల్లి ఉన్న బుట్ట, కాళ్లకు ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. చెవి పక్కన జుట్టు కొసలు కాలి ముడుచుకుపోయి ఉన్నాయి. బుట్టను కౌంటర్ మీద పెట్టి, కాసేపు ఊపిరి తీసుకుని, "మీ వెబ్‌సైట్ చూసుకునేది ఎవరమ్మా?" అని అడిగింది.

ఆ కార్యాలయంలో వెబ్‌సైట్ చూసుకునేదీ, కౌంటర్‌లో కూర్చునేదీ, కాఫీ యంత్రం మొరాయిస్తే దాని వీపు మీద ఒకటి చరిచేదీ ఒకే మనిషి, వెర్నా హల్డేన్. "నేనేనండీ" అంది.

ఇంగ్రిడ్ కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. పొద్దున్న పదకొండు నుంచీ కంప్యూటర్ ముందే కూర్చున్నానని, కొండ వెనక పొగ నల్లబడుతుంటే ఇల్లు వదిలిపోవాలో ఉండాలో తెలుసుకుందామని వెతికానని, పక్కింటావిడతో మాట్లాడుతున్నంత నెమ్మదిగా చెప్పింది. పేజీ పైన ఆరు బటన్లున్నాయి. పరిపాలనా విభాగం, కార్యనిర్వహణ విభాగం, ప్రణాళికా విభాగం, సరఫరాల విభాగం, పాలక మండలి, ఉద్యానవనములు-వినోదము. ఒక్కటీ వదలకుండా నొక్కింది. చివరికి ప్రణాళికా విభాగంలో స్థితి నివేదికలని కనబడితే, అందులో నాలుగోది తెరిస్తే, ఒక వాక్యం దొరికింది: 'సి నియోజక ప్రాంత పరిధిలోని నివాసితులకు తక్షణ నిష్క్రమణ ఆదేశము జారీ చేయబడినది.'

"సి అంటే ఎవరమ్మా?" అంది ఇంగ్రిడ్. "నలభై ఏళ్ల నుంచీ ఆ ఇంట్లో ఉంటున్నాను. నన్ను సి అని ఎవరూ పిలవలేదు. కంచె అంటుకున్నాక తెలిసింది, నేనే సి అని."

అగ్నిమాపక కార్యాలయం పంపిన కాగితంలోంచి ఆ వాక్యాన్ని మక్కికి మక్కి తీసి అక్కడ అతికించింది వెర్నానే. అతికించి, ఒకసారి తెరిచి చూసుకుని, పని అయిపోయిందనుకుని, శాండ్‌విచ్ తిన్నది కూడా తనే.

లోపలి గదిలోంచి డెల్మర్ ఫ్రీసన్ వచ్చాడు. జిల్లా పరిపాలన మొత్తం చూసే పెద్ద అధికారి. అరవై దాటిన మనిషి, నడి వేసవిలో కూడా కోటు విప్పడు. సంగతంతా విని, "పదకొండూ నలభైకే సైట్‌లో పెట్టామండీ" అన్నాడు, మర్యాదగానే.

"పెట్టారు నాయనా. కాదన్నానా?" అంది ఇంగ్రిడ్.

ఆవిడను కర్లింగ్ రింకుకి, చలికాలంలో మంచు మీద రాళ్లు జార్చే ఆట ఆడుకునే చోటికి, తీసుకువెళ్లడానికి వెర్నా బుట్ట అందుకుంది. మంచు కరిగించేసిన ఆ సిమెంటు షెడ్డులోనే ఇళ్లు వదిలొచ్చిన వాళ్లకు మంచాలు వేశారు. వరండాలో నడుస్తుంటే తలుపుల మీది పలకలు కంటపడ్డాయి. పరిపాలనా విభాగం, కార్యనిర్వహణ విభాగం, ప్రణాళికా విభాగం. అవే మాటలు, అదే వరస. సైట్ కట్టిన రోజున ఈ వరండాలోనే నడుచుకుంటూ పోయి, పలకల మీదున్నది రాసుకొచ్చి బటన్లు చేసింది తనే. జనం ఏం వెతుక్కుంటూ వస్తారన్నది ఆ రోజు తన బుర్రకు తట్టనే లేదు. ఎవరం ఏ గదిలో కూర్చుంటామన్నదే ఊరందరికీ చూపించింది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

మంగళవారం పొద్దున్నే వెర్నా వంటకాలు రాసుకునే అట్టముక్కలు ఒక కట్ట తీసుకుని రింకుకి వెళ్లింది. ఆరు బటన్ల పేర్లు ఆరు అట్టల మీద పెద్దక్షరాలతో రాసి, మడత బల్ల మీద పరిచింది. కాఫీకి వచ్చిన వాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, మంటలు మీ ఇంటివైపు వస్తున్నాయా అని తెలుసుకోడానికి వీటిలో ఏది నొక్కుతారని అడిగింది. ఈ పనికి ఒకటే నియమం. అడిగినవాళ్లు సాయం చేయకూడదు. కళ్లతో చూపించకూడదు, పెదవి కదపకూడదు, ఊరికే చూడాలి. ఏదో చూడటమేగా అనుకుంటాం గానీ, అంత కష్టమైన పని వెర్నా ఇంతకుముందు చేయలేదు.

ఒక పసిబిడ్డ తల్లి కార్యనిర్వహణ మీద వేలు పెట్టి, తీసి, సరఫరాల మీద పెట్టి, వెర్నా మొహంలోకి చూసింది, పరీక్షలో కూర్చున్న పిల్లలా. వెర్నా నాలుక కొరుక్కుని కూర్చుంది. ఒక పాడిరైతు ఉద్యానవనములు-వినోదము ఎత్తి చూపించాడు. ఎందుకని అడిగితే, కాలిబాటల పటం అందులోనే ఉంటుందిగా, మంట ఎక్కడుందో పటంలోనే కదా తెలిసేది అన్నాడు. ఆ మాటకు వెనకున్న వాళ్లు నవ్వారు. "నవ్వండి నవ్వండి, నా గడ్డివాము పోయాక వినోదమేగా మిగిలింది" అన్నాడతను. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

పదకొండు మందిలో ప్రణాళికా విభాగాన్ని ముట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. పన్నెండోది ఇంగ్రిడ్. ఆవిడ అట్టల వంక చాలాసేపు చూసి, ఒకదాన్ని వెనక్కి తిప్పి, వెర్నా చేతిలోని పెన్ను లాక్కుని రాసింది: 'నేను వెళ్లిపోవాలా?'

"ఇది పెట్టు. ఇది ఉంటే నొక్కేదాన్ని" అంది.

తర్వాత వెర్నా అందర్నీ మీరుండేది ఎక్కడని అడిగింది. సి అని గానీ డి అని గానీ ఒక్కరూ అనలేదు. చెత్తకుప్ప వెనక అన్నారు. గుర్రపునాడా మలుపు అన్నారు. ఎలుగుబంటి గట్టు, సన్న బావి, పోస్టుపెట్టెల దగ్గర. పక్కనున్న డి ప్రాంతం నుంచి ముందే భయపడి దిగి వచ్చేసినవాళ్లు కొందరున్నారు. వాళ్లు చెప్పిన చోట్ల పేర్లన్నీ ఆమె రాసుకుంది, ఎందుకంటే గాలి మళ్లితే తర్వాతి వంతు డి దే. టోపీ పెట్టుకున్న లారీ డ్రైవరు ఒకాయన ఆమె రాసింది చూసి సరిచేశాడు. పాత మిల్లు రోడ్డంటే వంతెన దాకానే, అవతలిది మిల్లు రోడ్డు కాదు, సరిగ్గా రాయమ్మా అని పట్టుబట్టాడు. వెర్నా సంతోషంగా 'పాత మిల్లు రోడ్డు, వంతెన దాకా' అని దిద్దుకుంది. సాయంత్రానికి డి కింద ఇరవై మూడు పేర్లు పోగయ్యాయి.

ఆ అట్టలన్నీ డెల్మర్ బల్ల మీద పెట్టేసరికి ఆయన అద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మాట పెగలనప్పుడు ఆయనకది అలవాటు. చట్టంలో ఉన్నవి అక్షరాలేనని, ఈ పేర్లు ఏ కాగితంలోనూ లేవని, ఎలుగుబంటి గట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కోర్టులో ఎవరు చెబుతారని అడిగాడు. కోర్టు సంగతి తర్వాత, ముందు మనుషులు దిగి రావాలి కదా అంది వెర్నా.

"నా భయం కోర్టు కాదు" అన్నాడు డెల్మర్. "ఇరవై మూడు పేర్లు రాస్తావు. ఇరవై నాలుగోది మర్చిపోతావు. అక్కడున్నవాడికి నువ్వు ఏం చెప్పినట్టు? ఉండిపో అని చెప్పినట్టు."

"ఇప్పుడు ఎవరికీ ఏమీ చెప్పడం లేదు కదండీ మనం."

ఆయన ఇంగ్రిడ్ రాసిన మాటతో పెద్ద బటన్ పెట్టడానికి ఒప్పుకున్నాడు. పేజీ సిద్ధం చేసి ఉంచమన్నాడు. కానీ పేర్ల జాబితాను ఇళ్ల రిజిస్టర్‌తో తను సరిచూడకుండా ఎక్కించవద్దన్నాడు. ఆ అద్దాల వెనక కళ్లు చూస్తే వెర్నాకు జాలి కలగలేదు. పిరికిమనిషి అనుకుంది. కుర్చీ పోతుందని భయం, అంతే.

ఇంటికి పోయి అన్నకు ఫోన్ చేసింది. లైల్ డి ప్రాంతంలో, మిల్లు వంతెన అవతల, ఆరు గుర్రాలతో ఒక్కడే ఉంటాడు. చెల్లెలి గొంతు వినగానే, "ఏం పంతులమ్మా, ఇవాళ ఏ అక్షరం?" అన్నాడు.

వేళాకోళం వద్దు, ఇప్పుడే వచ్చెయ్ అంది వెర్నా. మీ సైట్ చూసి చూసి తల ప్రాణం తోకకొచ్చిందని, ఏమీ అర్థంకాక ఎందుకైనా మంచిదని పొద్దున్నే ట్రైలర్ బండికి తగిలించి పెట్టుకున్నానని అతను చెప్పాడు. ఆ జంతువుల్ని ఊరికే కదిలిస్తే కాళ్లు విరగ్గొట్టుకుంటాయి, అవసరమైతే గానీ కదిలించనన్నాడు. కొత్త పేజీ వస్తోందని, అక్షరాలుండవని, మనం పిలుచుకునే పేర్లే ఉంటాయని చెప్పింది వెర్నా.

"అలా అన్నావు బాగుంది" అన్నాడు లైల్. "నా పేరు కనబడితే మరుక్షణం బయలుదేరతా. నీ మాట నమ్ముతానే. నువ్వు రాస్తే నిజమే అయ్యుంటుంది."

ఆ రాత్రి వెర్నా హాయిగా నిద్రపోయింది. ఆ నిద్ర తలుచుకుంటే తర్వాత చాలా రోజుల పాటు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం పదకొండున్నరకు గాలి మళ్లింది. నట్టనడి పగలు వీధిదీపాలు వెలిగాయి. బూడిద కిటికీ అద్దం మీద పడుతోంది, కార్ల మీద పడుతోంది, జెండా కర్ర మీద కూర్చున్న కాకి మీద పడుతోంది. పన్నెండు దాటి ఐదు నిమిషాలకు అగ్నిమాపక కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. డి మొత్తం ఖాళీ చేయాలి. తలుపు తలుపు తట్టడానికి రెండే బండ్లున్నాయి, అవి కింది వైపు నుంచి మొదలుపెడతాయి.

డెల్మర్ జాబితా తీసుకుని గదిలోకి పోయాడు. ఇళ్ల రిజిస్టర్ తెరిచి, ఒక వరస కింద స్కేలు పెట్టి, వేలితో జాబితాలో వెతికి, స్కేలు కిందికి జరిపాడు. మూడువందల పైచిలుకు ఇళ్లు. గుమ్మంలో నిలబడ్డ వెర్నాకు ఆ స్కేలు జరగడం చూస్తుంటే ఒళ్లంతా చీమలు పాకినట్టుంది. లైల్‌కి ఫోన్ చేసింది. మోగలేదు. స్తంభాలు కాలిపోయి ఉంటాయి. అతనికి జనరేటర్ ఉంది, ఇంటి కప్పు మీద ఇంటర్నెట్ డిష్ ఉంది, పేజీ అయితే చూడగలడు. పేజీ ఎక్కితే కదా.

పన్నెండుంబావు అయింది. ఆమె జాబితాను మనసులో ఒక్కసారి తిరగేసింది. మిల్లు రోడ్డు ఉంది. లైల్ మిల్లు రోడ్డు కిందికే వస్తాడు. డెల్మర్ రెండో పేజీ మధ్యలో ఉన్నాడు, అద్దాలు తుడుచుకుంటున్నాడు.

వెర్నా తన బల్ల దగ్గరికి వచ్చి, ఎవరినీ అడగకుండా, పన్నెండూ ఇరవైకి పేజీ ఎక్కించేసింది. 'నేను వెళ్లిపోవాలా?' అని పైన ఒకే పెద్ద బటన్. నొక్కితే, 'అవును, ఇప్పుడే. మీరుండేది కింద ఉన్న ఈ చోట్లలో అయితే వెంటనే బయలుదేరండి.' ఆ కింద ఇరవై మూడు పేర్లు.

పావుగంటలో వీధిలో బండ్ల వరస కనబడింది. కిటికీలోంచి చూస్తే ఎలుగుబంటి గట్టు వాళ్ల ఎర్ర బండి, దాని వెనక పరుపులు కట్టిన ట్రక్కు, దాని వెనక మేకల ట్రాలీ. అందరూ కదులుతున్నారు. వెర్నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తను రాసింది జనానికి అర్థమైంది.

పన్నెండూ యాభై ఐదుకు డెల్మర్ గదిలోంచి స్కేలు చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. పేజీ ఎక్కేసిందని తెలిసినా దాని గురించి ఒక్క మాటా అనలేదు.

"మిల్లు వంతెన అవతల నాలుగు ఇళ్లున్నాయి" అన్నాడు. "నీ పేర్లలో దేని కిందికీ రావడం లేదు. ఆఖరి ఇల్లు హల్డేన్. మీవాళ్లా?"

వెర్నాకు అప్పుడు గుర్తొచ్చింది. వంతెన దాకా. తన చేత్తో తనే దిద్దిన మాట. వంతెన అవతలిది ఆమెకు రోడ్డు కాదు, పుట్టినప్పటి నుంచీ నడిచిన చోటు. ఇంట్లో అందరూ నాన్న దారి అనేవారు. బయటివాళ్లు ఏమంటారో ఆమె ఏనాడూ ఎవర్నీ అడగలేదు. ఊరంతా తిరిగి పదిమంది దారుల పేర్లు అడిగి రాసుకున్న మనిషి తన ఇంటి దారి పేరు రాయలేదు.

కీబోర్డు మీద వేళ్లు పెట్టింది. ఏమని రాయాలి? డెల్మర్ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన చేతిలో స్కేలు వణుకుతోంది, అప్పుడు చూసింది ఆమె.

"పేరు లేకపోతే పేరు పెట్టకు. అక్కడికి ఎలా పోతారో అది రాయి" అన్నాడు.

'మిల్లు వంతెన దాటాక ఉన్న నాలుగు ఇళ్లూ, లైల్ ఇంటి దాకా' అని రాసింది. దాన్ని అన్నిటికంటే పైన పెట్టింది. ఎక్కించబోతుంటే డెల్మర్ ఆగమన్నాడు. మనం మర్చిపోయినవాళ్లు ఇంకా ఉండొచ్చు, వాళ్ల కోసం ఒక మాట రాయమన్నాడు. ఆమె రాసింది: 'మీ చోటు పేరు ఇక్కడ లేకపోతే మేము మర్చిపోయి ఉండొచ్చు. ఆగకండి. పొగ కనబడుతుంటే బయలుదేరండి.' రాశాక, ఇలాంటి మాట ఈయన ఉంచనివ్వడనుకుని, మేము మర్చిపోయి ఉండొచ్చు అన్న ముక్కను చెరపబోయింది.

"అది ఉంచు" అన్నాడు డెల్మర్. "అది నిజం కదా."

ఒంటిగంటా రెండు నిమిషాలకు అది ఎక్కింది. తలుపులు తట్టే బండ్లకు డెల్మర్ రేడియోలో ఆ నాలుగు ఇళ్ల సంగతి చెప్పాడు. కింది రోడ్డు మీద చెట్టు పడి ఉందని, ఇప్పట్లో వంతెన దాకా పోలేమని జవాబొచ్చింది.

రింకులో వెర్నా తలుపు పక్కన నిలబడి వచ్చే ప్రతి బండినీ చూసింది. రెండు గంటలకు వంతెన అవతలి మొదటి ఇంటివాళ్లు పొలాల దారిన చుట్టు తిరిగి వచ్చారు. రెండున్నరకు రెండోవాళ్లు, ఆ వెనకే మూడోవాళ్లు. లైల్‌ని చూశారా అని అడిగితే, పొగలో తమ బండి ముందుభాగమే కనబడలేదన్నారు. మూడయింది. మూడున్నర అయింది. ఇంగ్రిడ్ ఒక కుర్చీ తెచ్చి వేసింది, వెర్నా కూర్చోలేదు. ఇంగ్రిడ్ పిల్లి బుట్ట ఒళ్లో పెట్టుకుని ఆ కుర్చీలో తనే కూర్చుని, ఆమెతోపాటు రోడ్డు వైపే చూసింది. దేవుడా, అన్న నన్ను నమ్మాడు అని వెర్నా లోలోపల అనుకుంటూనే ఉంది.

నాలుగు దాటాక లైల్ బండి వచ్చింది. ట్రైలర్ ఒక పక్క రంగు పొక్కులు పొక్కులుగా లేచిపోయి ఉంది. లోపల గుర్రాలు కాళ్లతో రేకును తంతున్నాయి. లైల్ దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మొహం నిండా మసి, కనుబొమలు లేవు.

వెర్నా పరిగెత్తి అతని చొక్కా పట్టుకుంది. ఆ తర్వాత లెక్కపెట్టింది. ట్రైలర్ కంతల్లోంచి నాలుగు తలలే కనబడ్డాయి.

"మిగతా రెండూ?"

"పై గడ్డి బీడులోకి వదిలేశాను. ఆనక నీ పేజీలో నా పేరు చూశాక మళ్లీ పట్టుకోడానికి టైము లేకపోయింది."

"ఎందుకు వదిలావు? ట్రైలర్ తగిలించే ఉందన్నావుగా."

లైల్ ఆమె మొహం వంక చూడలేదు. ట్రైలర్ మీది పొక్కు ఒకటి గోటితో గీకుతూ చెప్పాడు. "పొద్దుట్నుంచీ తగిలించే ఉంది. పన్నెండున్నరకు నీ పేజీ వచ్చింది. చదివాను. భలే రాసిందే అనుకున్నాను, ఒక్క ముక్క అర్థంకానిది లేదు. మిల్లు రోడ్డు వంతెన దాకా అని ఉంది. అంటే నేను కాదు. హమ్మయ్య అని ట్రైలర్ ఊడదీసి, గుర్రాల్ని వదిలేసి, ఒక కప్పు టీ పెట్టుకున్నాను."

వెర్నా చేతులు అతని చొక్కా మీంచి జారిపోయాయి.

"ఆ అక్షరాల పేజీ ఉన్నన్నాళ్లూ ఏమీ అర్థమయ్యేది కాదు. భయంతో సిద్ధంగా ఉన్నాను" అన్నాడు లైల్. "ఇది అర్థమైంది కదే. అందుకని నమ్మాను."

నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పాడు, అంతే. తర్వాత నీళ్ల బక్కెట్ ఎక్కడుందని అడిగి గుర్రాల దగ్గరికి పోయాడు. వెర్నా ఆ సిమెంటు గట్టు మీదే కూలబడి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

గురువారం పొద్దున్న ఆరున్నరకు ఆమె కార్యాలయానికి వెళ్లేసరికి డెల్మర్ గదిలో దీపం వెలుగుతోంది. బల్ల మీద ఇ ప్రాంతం రిజిస్టర్ తెరిచి ఉంది. కోటు కుర్చీకి వేలాడుతోంది. గాలి అటు మళ్లితే తర్వాత ఖాళీ చేయాల్సింది ఇ వాళ్లే. ఇంకా ఆదేశం రాలేదు, ఎప్పుడైనా రావచ్చు.

లైల్ వచ్చాడటగా అన్నాడాయన. వచ్చాడంది. ఆమె ఇంకా ఏదో అనబోతే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు పన్నెండూ ఇరవైకి ఎక్కించకపోతే ఎలుగుబంటి గట్టు మీద జనం మిగిలేవాళ్లు కాదు. నాకు ముప్పావుగంట పైనే పట్టింది. సగం సేపు వరసలు కనబడలేదు నాకు, అంత భయమేసింది" అన్నాడు.

వెర్నా రాత్రి రింకులో అడిగి రాసుకున్న ఇ ప్రాంతం అట్టముక్కల కట్ట బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుంది. మీరు ఇల్లు చదవండి, అక్కడుండేవాళ్లు ఆ చోటును ఏమంటారో నేను చెబుతాను, పేరు ఉందో లేదో ఇద్దరం చూద్దాం అంది. డెల్మర్ స్కేలును మొదటి వరస కింద పెట్టాడు.

మొదటి ఇల్లు చదివాడు. నీళ్లట్యాంకు దగ్గర అంది ఆమె. అట్ట ఉంది. రెండోది చదివాడు. పాత చర్చి వీధి, ఉంది. మూడోది చదివి తలెత్తాడు. వాగు ఒంపులో ఒంటరి ఇల్లు, ఎవరో పీటర్స్ వాళ్లది.

వెర్నా నోరు తెరిచింది. చటుక్కున ఒక పేరు నాలుక చివరికి వచ్చింది, చిన్నప్పటి నుంచీ ఇంట్లో విన్న పేరు. దాన్ని మింగేసి, ఒక ఖాళీ అట్టముక్క తీసుకుని లేచింది.

"మీరు స్కేలు అక్కడే ఉంచండి" అంది. "వాళ్ల వాళ్లెవరైనా రింకులో ఉంటారు. అడిగి వస్తాను."